ఎడమ పక్క మొదటి ఫోల్డరు

బుధవారం రాత్రి

బళేపేట చీరల అంగళ్లవాళ్లందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, మా అంగడి కంప్యూటర్‌లో ఎడమ పక్క పిన్ చేసిన ఫోల్డర్ల వరస ఈ పొద్దు నుంచి నా ఏలుబడిలో ఉండాది.

పెద్ద విద్యేమీ కాదు. ఆ పిన్‌లన్నీ పీకి, కిందిది పైకి పైది కిందికి మళ్లీ పెట్టే చిన్న స్క్రిప్టు. నెట్‌లో చూసి రాసి, పొద్దున నడిపించినాను. బిల్లులు చూసే సరోజక్క తిట్టుకుంటా వెతుక్కుంటే నవ్వాలని.

ఆమె వెతకనే లేదు. పేరు చదవదు, జాగా చూసి నొక్కుతుంది. పైన మొదటిది ఎప్పుడూ పాత స్కాన్‌ల ఫోల్డరు. రోజూ సాయంత్రం దాన్ని ఖాళీ చేసి ఇంటికి పోతుంది.

"ఏమప్పా, ఈ పొద్దు చెత్త శానా ఉండాది. రీసైకిల్ బిన్నులో కూడా లేకుండా తుడిచేసినా," అని బ్యాగు తగిలించుకుని పోయింది.

నేను పోయి చూస్తే, ఆ జాగాలో ఉండేది చీరల డిజైన్ల ఫోల్డరు. లోపల ఒక్కటీ లేదు. రేపు ఓనరు తెరిస్తే ఆమె పని పోతుంది. నా మీద ఎవరికీ అనుమానం కూడా రాదు, అదే ఇంకా భయంగా ఉండాది.

పోనీలే, డిజైన్లన్నీ నా పెన్‌డ్రైవ్‌లో ఉండాయి. ఓనరు వచ్చేలోపల పెట్టేస్తా.

ఆ పెన్‌డ్రైవ్ మాట, నిద్ర పడుతుందేమోనని ఇప్పుడే నేను పుట్టించిన అబద్ధం.