ఎడమవైపు స్టీరింగ్

1964 సెప్టెంబరు 7, కరీంనగర్

ఇన్నేళ్లూ ఈ పుస్తకంలో ఇంటి లెక్కలు తప్ప ఏమీ రాయలేదు. ఈ రోజు రాస్తున్నాను, ఎందుకంటే ఈ మంట ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

తోటికోడలు రాజమణి ఉత్తరం పట్టుకొని వచ్చింది. ఆమెకు చదువు రాదు, నేనే చదవాలి. జర్మనీలో పని నేర్చుకుంటున్న ఆమె కొడుకు విఠల్, తను వాడిన కారు ఓడలో పంపుతాడట. పక్షవాతం వచ్చిన మా మరిది, విఠల్ తండ్రి, బస్సు ఎక్కలేడు. హైదరాబాదు వైద్యానికి కారులో తిప్పాలట. ఓడ ఎక్కించే ముందు, ఆ బండి మన రోడ్ల నియమాలకు సరిపోతుందో లేదో ‘పెద్దమ్మనే కనుక్కోమను’.

"అచ్చినంక ముందుగాల కొండగట్టు గుడికే పోదామక్కా. ముందర సీట్ల నువ్వే కూసోవాలె!"

"ముందు రానియ్యి" అన్నాను.

నా కొడుకు ఇప్పటికీ హుస్నాబాద్ బడిలో పంతులు పనికి బస్సులో నిలబడి పోతాడు.

9 సెప్టెంబరు

రవాణా ఆఫీసు. విఠల్ పంపిన వివరాల కాగితం గుమాస్తాకు చూపించాను. బ్రేకులు, హారన్, వెడల్పు — అన్నీ సరే. స్టీరింగ్ దగ్గర ఆగాడు.

"ఎడమ దిక్కా? జర కూసోండ్రమ్మా, కితాబు తీస్త."

నియమం నా చేత్తోనే ఎత్తి రాసుకున్నాను. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న బండిని నడపరాదు — మలుపు తెలిపే సిగ్నల్ దీపాలు పనిచేస్తే తప్ప.

"డ్రైవరు ఎడమ దిక్కు కూసుంటే, కుడి దిక్కు మలిగేటప్పుడు చెయ్యి సూపిచ్చినా ఎనకటోనికి కనవడది గదమ్మా, గందుకు."

విఠల్ కాగితంలో చివరి వరుస: సిగ్నల్ దీపాలు వెలగడం లేదు, బాగుచేయించడం ఒక పూట పని.

ఒక పూట. అంతే.

10 సెప్టెంబరు

మనవరాలు సరళ పలక మీద కారు బొమ్మ వేసింది. "గిది మన కారు బాపమ్మా!"

మనది కాదని చెప్పి, ఎక్కాలు రాయమన్నాను. రాయలేదు. చిన్న బాపమ్మ రాజమణి దగ్గరికి పరుగెత్తింది. ఎప్పుడూ అక్కడికే.

12 సెప్టెంబరు

విఠల్‌కు రాశాను. ‘ఎడమవైపు స్టీరింగ్ ఉన్న బండిని మన రోడ్ల మీద నడపరాదు.’ అక్కడ చుక్క పెట్టాను. రాసిన ప్రతి మాటా కితాబులో ఉన్నదే.

రాజమణే తీసుకుపోయి తపాలా డబ్బాలో వేసింది.

13 సెప్టెంబరు

బాగా నిద్ర పట్టింది. ఆశ్చర్యం.

30 సెప్టెంబరు

జవాబు వచ్చింది. చదివి వినిపించక తప్పలేదు. ‘పెద్దమ్మ చూసి రాసిందంటే అంతే. వచ్చే నెల పదో తేదీన కారు ఇక్కడే అమ్మేస్తున్నాను. బాపు కోసం ఇంకేదైనా ఉపాయం చూడండి.’

మంచం మీది నుంచి మరిది, మాట ముద్దగా — "ఆఫీసుల... ఇంకోపారి అడిగిద్దామా?"

రాజమణి కసిరింది. "అక్క సూసినంక ఇంకెవ్వలు సూడాలె? ఊకో!"

అప్పుడే చెప్పాల్సింది... చెప్పలేదు. కారు రావడం లేదంటే లోపల ఇంకా హాయిగానే ఉంది. మరిది కాళ్లవైపు చూడకుండా వచ్చేశాను.

చేయవలసినవి:

1. రేపు తపాలా ఆఫీసు తెరవగానే విఠల్‌కు తంతి — ‘అమ్మవద్దు. సిగ్నల్ దీపాలు బాగుచేయించి ఓడ ఎక్కించు.’

2. వెనకాలే ఉత్తరం. నియమం మొత్తం, ఒక్క మాట వదలకుండా.

3. రాజమణికి చెప్పడం. పొరపాటున సగం వదిలేశానంటే నమ్మదు. నేను పొరపాటు చేయనని ఇన్నేళ్లుగా ఆమెకు చెబుతున్నది నేనే.