ముక్కు పరీక్ష

మార్చి 3, సాయంత్రం ఆరున్నర

ఈ రోజు కోడలితో అబద్ధమాడాను. అందుకే ఇది రాస్తున్నాను. ఒక్కచోటైనా నిజం ఉండాలి.

నాలుగింటికి స్టవ్ మీద పాలు పెట్టి, పక్కనే బల్ల దగ్గర మనవరాలికి రెండో ఎక్కం చెబుతున్నాను. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ వస్తూనే ఉంది. ఆఫీసు నుంచి వచ్చిన కోడలు చెప్పులతోనే వంటింట్లోకి పరుగెత్తి కట్టేసింది, కిటికీలు తెరిచింది, పిల్లని బయటికి ఎత్తుకెళ్ళింది. తర్వాత మెల్లగా అడిగింది, అత్తయ్యా, మీకు వాసన రాలేదా అని. జలుబమ్మా అన్నాను.

జలుబు లేదు. వాసన తెలిసి రెండేళ్ళయింది.

మార్చి 4

అబ్బాయికి కోడలు ఏమీ చెప్పలేదు. పిల్లని మాత్రం పక్కింటావిడ దగ్గర దింపి వెళ్ళింది.

మార్చి 9

కోడలే ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సన్నని కెమెరా లోపలికి పంపి తెర మీద చూపించాడు. తొక్క తీసిన ద్రాక్షపళ్ళలా వేలాడుతున్నాయి. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు. పాలిప్స్ అట. లోపలి పొర ఏళ్ళతరబడి వాచి ఇలా పెరుగుతుందట. వాసన ఎప్పట్నుంచి తెలియడం లేదని అడిగాడు. కోడలి ముందే రెండేళ్ళన్నాను.

బయటికొచ్చాక కోడలు అడిగింది, అయితే నా కూరలు చప్పబడింది కూడా అప్పట్నుంచేనా అత్తయ్యా అని. నవ్వుతూనే అడిగింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి, కోడలి వంట ఎలా ఉందో రోజూ రాసుకునే నా వంటింటి నోటుబుక్కు తీసి లెక్కపెట్టాను. ‘కూరలో రుచి లేదు’ అని రెండేళ్ళలో నూట పన్నెండు సార్లు రాశాను.

ఏప్రిల్ 20

ఆపరేషన్ అయింది. ఐదూ తీసేశారు. మళ్ళీ పెరగవచ్చు, ముక్కులో కొట్టుకునే స్ప్రే మానొద్దన్నాడు డాక్టరు. నానమ్మా, ద్రాక్షపళ్ళు తొక్క తీసే పెట్టుకున్నావా ముక్కులో అని మనవరాలు ఒకటే ప్రశ్న.

మే 11, ఉదయం

కాఫీ వాసన! ఇల్లంతా వినబడేలా అరిచాను.

మే 12, ఉదయం

ఈ రోజు రాలేదు. నిన్న వచ్చిందా, వచ్చిందనుకున్నానా?

కోడలు బ్యాగు తగిలించుకుంటూ, ఇక పిల్లని మీ దగ్గర వదలనా అత్తయ్యా అంది. వదలమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సాయంత్రం చెబుతానన్నాను.

మే 12, సాయంత్రం

1. గ్యాస్ సంగతి అబ్బాయికి నేనే చెప్పాలి.

2. నూట పన్నెండూ కొట్టేసి, నోటుబుక్కు కోడలి చేతికివ్వాలి.

3. ప్రతి ఆదివారం కళ్ళకు గంతలు. మనవరాలు ఐదు పోపుదినుసుల సీసాలు వాసన చూపిస్తుంది, మార్కులూ అదే వేస్తుంది. ఊహించి చెప్పకూడదు.

4. ఐదుకి ఐదు వచ్చేదాకా పిల్ల పక్కింట్లోనే. కోడలు మళ్ళీ అడగకముందే ఈ మాట నేనే అనాలి. గేటు చప్పుడైంది.