తీగ పీకినా వచ్చిన జవాబు

జనగామ, మంగళవారం రాత్రి

రేపే సార్‌కు ప్రాజెక్టు చూపించాలి. బోర్డుతో మాట్లాడేందుకు ల్యాప్‌టాప్‌లో మేం రాసిన డ్రైవర్ ప్రోగ్రాం పంపే సందేశాన్ని బండిలోని బ్రేకు సర్క్యూట్ బోర్డు అందుకుని అలాగే తిప్పి పంపాలి. పంపుతోందని ఇన్నాళ్లూ మురిసిపోయాం. ఈ సాయంత్రం ఎందుకో అనుమానమొచ్చి బోర్డు తీగ పీకేశాను. అయినా తెర మీద జవాబు పడింది!

లూప్‌బ్యాక్ ఆన్‌లో ఉంది. మా సందేశం బయటికి పోకుండా మాకే తిరిగొస్తోంది. ప్రతిధ్వని! ఎంత అందమైన మాట, ఎంత మోసం.

"నువ్వే పెట్టినవా?" అని ప్రాజెక్టులో నా జోడీ నరేశ్‌ను అడిగాను.

"టెస్టింగ్‌కు పెట్టిన, తీసుడు మరిచిన. గిప్పుడు పరేషాన్ ఎందుకే? సార్ తీగ పీకి చూస్తడా ఏంది?" అని నవ్వాడు.

నిజంగా మరిచాడా? లూప్‌బ్యాక్ నేనే తీసేశాను. తీగ మళ్లీ పెట్టి చూసినా తెర ఖాళీగానే ఉంది. కానీ ఈ రాత్రికి ల్యాప్‌టాప్ అతని దగ్గరే ఉంది, లూప్‌బ్యాక్ మళ్లీ పెట్టడం ఎంతసేపు? రేపు సార్ ముందు జవాబు వచ్చిందంటే, మొదట తీగ పీకేది నేనే.