చీకట్లో నడిచే విద్య

శుక్రవారం రాత్రి, 1977

కాదు, నిన్న రాసిందంతా తప్పు. యాదమ్మ బడికి రానిది నా మీద కోపంతో కాదు. ఈ సాయంత్రం తనే మా క్వార్టర్ వెనక్కి వచ్చి, "గవ్వలు తే, ఆడదాం" అంది.

మా ఆటలో నా మనిషి చిత్ర, తన మనిషి నీలి. గవ్వలు వేస్తూ ఇద్దరినీ అడవి దాటిస్తాం. కొత్త విద్య కావాలంటే మేమే పెట్టుకున్న రూలు ఉంది: అది వచ్చినవాళ్లు నేర్పాలి, నేర్పినవాళ్లకి అది పోతుంది. అందుకే ఎవరం ఊరికే ఇవ్వం. ఇవాళ యాదమ్మ ఈత ఇచ్చింది, వేరుమందులు ఇచ్చింది, పులి అడుగు గుర్తుపట్టడం కూడా ఇచ్చేసింది.

"పిచ్చా నీకు? నీలి ఎలా బతుకుతుందే?"

"నీలి ఇగ ఆడదు. మొన్న మా నాయిన చెయ్యి మిషన్ల పడ్డది. సోమవారం కెల్లి నేను కంపెనీకి పోవాలె, మందు గోలీలు డబ్బాలల్ల నింపనీకి. బడి బందు."

నాకు ఏడుపు ఆగలేదు.

"నేనేమన్న సచ్చిన్నా, గట్ల ఏడుస్తున్నవ్?" అని నవ్వింది.

మిగిలింది చీకట్లో భయం లేకుండా నడిచే విద్య. నేను ఎప్పటినుంచో అడుగుతున్నది అదే. చెయ్యి చాపాను.

"అదొక్కటి ఇయ్యను. షిఫ్టు దిగి మా బీరంగూడ దాకా చీకట్ల నడిచి రావాలె నేను."

నాన్నగారు ఆ కంపెనీలోనే ఆఫీసరు, చెబితే ఏమైనా చేస్తారేమో. కానీ గవ్వలాటలో తెలిసిందంటే, అది జూదమంటారు. అయినా రేపు...

తలుపు కొడుతున్నారు. అమ్మే. కాగితాలు పరుపు కిందికి. లైటు ఆర్పాలి. ఆర్పాలంటేనే భయం.