వానను నష్టమని రాయించాను

ముదిగుబ్బ,
26-11-1959.

చిరంజీవి తమ్ముడు గంగాధరప్పకు,

మీ అక్క సుంకమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ ఇంటి పెంకులు లేచిపోయినా నువ్వూ మరదలూ పిల్లా ప్రాణాలతో బయటపడ్డారని చదివి, నీ జాబు కళ్ళకద్దుకున్నాను. మీ బావ నిన్ను అడిగినానని రాయమన్నాడు.

బందరులో తాటిచెట్లు విరిగాయనీ, పడవలు రోడ్డు మీదికి కొట్టుకొచ్చాయనీ రాశావు. చదువుతూ మధ్యలో ఆపి మంచినీళ్ళు తాగాను. చివర్లో మాత్రం, ఆ తుపాను మీ వైపు వచ్చేసరికి నీరసించి ఉత్త వాన అయి ఉంటుంది, కరువు సీమకు అది మేలే అన్నావు. పేపర్లోనూ అట్లాగే వేశారట. బడిపంతులువి, గాలి లెక్కలు నీకు తెలుసు. అది మా మీద ఏం చేసిందో నేను చెప్తాను.

మాకు ఒక్క పెంకు లేవలేదు. చెట్టు కొమ్మ విరగలేదు. రెండు రోజులు తెరిపి లేకుండా వాన, దానితో ఈదురుగాలి. అంతే. నెర్రెలిచ్చిన చెరువు నిండింది. ఊరంతా కట్ట మీదికి పోయి నీళ్ళకు పసుపు కుంకుమ వేసి టెంకాయ కొట్టారు.

ఆ రెండు రోజులూ మీ బావ మందతో గుట్ట మీదే ఉన్నాడు. అంతకు ముందే గొర్రెలకు ఉన్ని కత్తిరించి ఉన్నాము. మేత లేక ఎముకలు తేలిన జీవాలు, ఒంటి మీద బొచ్చు కూడా లేదు. వంక గట్టు చాటుకు తోలి, గాలికి అడ్డంగా కంప వేశాడట. ఒకదానికొకటి ఆనుకుని నిలబడినవి నిలబడినట్టే కూలిపోయాయి. వాన వెలిసి ఆయన దిగి వచ్చేటప్పుడు కంబళిలో గొర్రెపిల్లలను చుట్టుకుని వచ్చాడు. వెనక నడిచి వచ్చిన మంద దొడ్డిలో ఒక మూలకు కూడా చాల్లేదు.

నష్టం రాసుకునేందుకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మర్నాడే వస్తాడని తెలిసి, చచ్చినవాటిని ఎవరూ ముట్టుకోవద్దని నేను పట్టుబట్టాను. ఆయన వచ్చాడు. ఇళ్ళు చూశాడు, చెరువు చూశాడు. ఈ ఊరికి నష్టమేమీ లేదని రాసుకోబోతుంటే నేను ముందుకు పోయాను. మా మంద పోయింది సార్, అదీ రాయండి, తుపాను తగిలిన ఊర్లకు సర్కారు మేత ఇస్తుందంట గదా అన్నాను. ఆయన నోరు తెరిచేలోపే పక్కింటి రామక్క నా చెయ్యి పట్టి లాగింది.

"ఏమే సుంకీ, ఇన్నేండ్లకు వానదేవుడు వచ్చింటే నష్టమని రాయిస్తావా? ఆయప్ప అలిగితే మళ్ళా యాడ తెచ్చుకుంటాము?" అంది.

ఒక్కరూ నా పక్క మాట్లాడలేదు. ఆకాశం చూసి చూసి మెడలు పట్టినవాళ్ళు, వాళ్ళను ఏమనగలను? అయినా నేను కదల్లేదు. "వానను తిట్టలేదు రామక్కా. జరిగింది చెప్తాండా" అన్నాను.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. నా వెంట గుట్ట ఎక్కాడు. వంక గట్టున పడి ఉన్నవాటిని చూసి, గడ్డివామి కూడా చెదరని ఊర్లో ఇన్ని ఎట్లా చస్తాయి, రోగమేమో అన్నాడు. "ఒకదాన్ని ఎత్తి చూడండి సార్" అన్నాను. నన్ను ఒకసారి చూసి వంగాడు. బరువనుకుని బలంగా ఎత్తబోతే అది ఉత్త తోలుసంచిలా లేచి, ఆయన తూలాడు.

మెల్లగా కింద పెట్టి, "దీన్ని కరువు చంపిందమ్మా, తుపాను కాదు. నేను ఏదో ఒకటే రాయల్ల" అన్నాడు.

"కరువు చంపలేకపోయింది సార్. ఆకు దూసి, జొన్నదంట్లు నానబెట్టి ఇన్నాళ్ళు బతికించుకున్నాము. చంపింది ఈ గాలివానే. కోస్తాలో గట్టి ఇండ్లు కూలినాయంట. ఈడ గాలి చిన్నదే. మావి దానికీ తట్టుకోలేని ప్రాణాలు" అన్నాను.

ఆయన అక్కడే బండ మీద కూర్చుని రాసి, నాకు చదివి వినిపించాడు: 'తుపాను చలివానకు గొర్రెల మంద నష్టం. తీవ్రం.' ఆ చివరి మాట మళ్ళీ ఒకసారి చదవమన్నాను. వేలిముద్రకని సిరా డబ్బీ తీస్తే, సంతకం చేస్తానని చెప్పి చేశాను. చిన్నప్పుడు నువ్వు బడి నుంచి వచ్చి నాకు దిద్దించిన అక్షరాలే. మేత ఇంకా రాలేదు. వచ్చేదాకా తాలూకా ఆఫీసుకు తిరుగుతాను.

రామక్క కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మొన్న పొద్దున జొన్నదంట్ల మోపు తెచ్చి మా దొడ్డిలో పడేసి, "పిల్లలకెయ్యి" అని చెప్పి వెళ్ళిపోయింది.

అన్నీ వదిలి బందరు వచ్చేయమన్నావు. మేము రాలేము, తమ్ముడా. మిగిలిన గొర్రెల్లో కొన్ని సూడితో ఉన్నాయి. ఈసారి దొడ్డికి కప్పు వేస్తున్నాము. ఇకమీదట తుపాన్ల కాలం దాటాకే ఉన్ని కత్తిరింపు.

మరదలికీ పిల్లకూ నా దీవెనలు. ఇంటి కప్పు బాగైందో లేదో రాయి.

మీ అక్క,
సుంకమ్మ

తా.క.: జాబు మడిచి, మళ్ళీ విప్పాను. జరిగింది జరిగినట్టు రాయమని సర్కారు మనిషితో వాదించినదాన్ని, నీకు తగ్గించి రాశాను. గుట్ట దిగి వచ్చిన సాయంత్రమే మీ బావ పడిపోయాడు. ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని నేను గుట్ట ఎక్కిన పొద్దున ఆయన ఒళ్ళు కాలిపోతోంది. నెమ్ము చేసింది. అనంతపురం ఆసుపత్రిలో ఉంచి తెచ్చుకున్నాము. ప్రాణభయం తప్పింది గానీ, ఇక ఆయన గుట్ట ఎక్కకూడదన్నారు. తెలిస్తే నువ్వు ఉద్యోగం వదిలి వస్తావని, నీకు రాయొద్దన్నాడు. రావద్దు. మందను నేనే తోలుతున్నాను. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్ని వడికినదాన్ని, జీవాలకు నా గొంతు కొత్త. కేక ఎట్లా వేయాలో ఆయన మంచం మీద నుంచి నేర్పుతున్నాడు, దగ్గు తెర వస్తే ఆగి, మళ్ళీ మొదలుపెడుతూ. మొదట్లో ఒక్క గొర్రె తల ఎత్తలేదు. నిన్న సాయంత్రం గుట్ట మీద కేక వేస్తే, మంద మేత వదిలి నా వైపు నడిచి వచ్చింది.