తళుకు తీసేసిన బొమ్మ

హైదరాబాదు,
12 ఆగస్టు 2025

లోవలక్ష్మి వదినకు,

నమస్కారం. నేను బాగున్నాను. మీరందరూ క్షేమమని తలుస్తానని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ మాట రాయలేను. ఫోను చేస్తే అన్నయ్య స్పీకరు పెట్టమంటాడు. అందుకే ఉత్తరం.

పోయినేడాది బయాప్సీలో తీసిన అన్నయ్య కిడ్నీ ముక్కకు మా ల్యాబులో తీసిన బొమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. రక్తాన్ని వడకట్టే ప్రోటీన్లు ఎక్కడున్నాయో చూడటానికి ఆ ముక్క మీద రంగు తగిలించిన చిన్న డీఎన్ఏ పోగులు వదులుతాం. అవి ఆ ప్రోటీన్ల దగ్గర అంటుకుంటూ, విడిపోతూ మిణుకుమంటాయి. ఆ మిణుకులన్నీ కలిపితే మామూలు మైక్రోస్కోపుకు అందనిది కనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఎక్కడా అంటుకోక ఊరికే తేలే పోగులు కూడా వెలుగుతాయి. బొమ్మంతా వెలుగుతో అలుక్కుపోతుంది.

ఆ అలుకుడు చూసి అన్నయ్య, "నీళ్లు ఇంత తళుక్కుమంటే కింద చేప ఉన్నట్టేరా" అన్నాడు. గోదారి మీద వలేసేవాడి లెక్క అది. కిడ్నీ ఇస్తాను, పరీక్షలకు విశాఖ వెళ్దామని నువ్వంటే, "నాది బాగానే ఉందే. నిన్ను కోయడానికి నువ్వేమన్నా పులసవేంటే?" అని నవ్వించి ఆపేశాడు.

ఇప్పుడు పోగులు మార్చాం. కొత్తవి అంటుకున్నప్పుడే వెలుగుతాయి. దాచి ఉంచిన అదే ముక్కకు మళ్లీ బొమ్మ తీశాం. మా మేడమ్ ఉమాశ్రీ గారు, మన దగ్గర ఇంత శుభ్రమైన బొమ్మ ఎప్పుడూ రాలేదన్నారు. నిజమే. ప్రోటీన్లు వరసగా ఉండాల్సిన చోట చాలావరకు ఏమీ లేదు.

ఇది పరిశోధన బొమ్మ, వైద్యానికి పనికిరాదు. కానీ రక్తపరీక్షలూ ఇదే చెబుతున్నాయి. ఇప్పుడు నువ్విస్తానన్నా లాభం లేదు వదినా. అన్నయ్య గుండె ఈ ఏడాదిలో బాగా దెబ్బతింది, కిడ్నీ మార్చే ఆపరేషనుకు తట్టుకోదని డాక్టరు గారు తేల్చారు. ఇక డయాలసిస్సే. అదీ ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు.

ఆదివారం వస్తున్నాను. పాప అశ్వినికి అప్పుడే ఏమీ చెప్పకు.

నీ మరిది,
లోకనాథ్

తా.క.: ఉత్తరం ముగించాక డాక్టరు గారితో మళ్లీ మాట్లాడాను. అన్నయ్య ఆ బొమ్మ చూసి మోసపోలేదు. కిడ్నీ మార్చడం ఒక్కటే దారని ఆయన పోయినేడాదే అన్నయ్యకు చెప్పారట. అందుకు అన్నయ్యే, "మా ఇంటావిడ ఇచ్చేస్తానంటదండి. అందుకే ఆవిడకి చెప్పకండి. రేపు నేను లేకపోతే చేపల గంప ఎత్తాల్సింది ఆవిడేనండి. ఇద్దరం మూలపడితే పిల్లనెవరు చూస్తారండి?" అన్నాడట.