మీటరుకు అందని ఊపిరి

తిరుపతి,
14-8-1986.

నాయనకు నిర్మలమ్మ నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, తడలో సైకిల్ షాపు మళ్లీ తెరిచావనీ అమ్మ రాయించిన కార్డు చూసి మనసు కుదుటపడింది.

మా ఆస్పత్రి పసిపిల్లల వార్డులో మిషను పసిబిడ్డలకు ఊపిరెలా ఇస్తుందని అడిగావు. గొంతులోకి సన్నటి గొట్టం వేసి గాలి పంపుతారు. బిడ్డ తిరిగి వదిలే గాలిని ఒక మీటరు కొలుస్తుంది. దాన్నిబట్టి ఊపిరితిత్తుల బాగోగులు అంచనా వేస్తారు.

పుత్తూరు దగ్గర కూలిపని చేసుకునే మునెమ్మకు ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. కిలోన్నర బరువు. కిందటి వారం బుధవారం మధ్యాహ్నం ఆ బిడ్డ మీటరు సగానికి పడిపోయింది. ఊపిరితిత్తులు బిగుసుకున్నాయనుకొని డాక్టరు జయరావుగారు మిషను ఒత్తిడి పెంచారు. గురువారం పొద్దున బిడ్డ నీలంగా మారింది. ఒత్తిడి ఎక్కువై ఊపిరితిత్తి చిరిగి, గాలి ఛాతీలో నిండింది. ఆయన సూది గుచ్చి ఆ గాలి తీశారు.

అప్పుడు నేను, గొట్టం పక్కనుంచి గాలి కారుతోందేమో చూడండి సార్ అన్నాను. పెద్దవాళ్ల గొట్టం చుట్టూ సందు మూసే బెలూను ఉంటుంది, పసివాళ్లకు ఉండదు. పక్కకు పోయిన గాలి మీటరుకు అందదు. ఆయన బిడ్డ గొంతు మీద స్టెతస్కోపు పెడితే గాలి కారే చప్పుడు వినిపించింది. కాస్త లావు గొట్టం వేశాక మీటరు లేచింది, ఒత్తిడి తగ్గించారు. సోమవారం గొట్టమే తీసేశారు. బిడ్డ తానే ఊపిరి పీలుస్తోంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఆ మెప్పు నాది కాదు నాయనా. ఆ లీకు సంగతి నాకు బుధవారమే తెలుసు. బిడ్డ తల కుడికి తిరిగితే మీటరు పడిపోయేది, ఎడమకు తిరిగితే లేచేది. నోటి దగ్గర బుస వినిపించేది. గొట్టం కదలకుండా అంటించే ప్లాస్టరు ఆరోజు మార్చింది నేనే గనుక నింద నా మీదికి వస్తుందని నోరు మూసుకున్నాను. ఎప్పుడు గమనించినావని ఆయన అడిగితే, ఇప్పుడే అని అబద్ధమాడాను.

అప్పటినుంచి అన్నం సహించలేదు. నిన్న వెళ్లి ఆయనతో నిజం చెప్పేశాను. ఆయన, "గాలి లోపలికి పోయి బిడ్డ ఛాతీ బాగా లేస్తా ఉండాదని నేనూ సూడలా. మీటరునే నమ్మినాను. పద, ఆ తల్లికి ఇద్దరం చెప్పుదాం" అన్నారు.

మునెమ్మ అంతా విని నా ముఖంలోకి చూసింది.

"ఇంకేమన్నా దాచినావా, సిస్టరమ్మా?"

లేదన్నాను. నా కళ్లు నిండాయి. ఆమె క్షమించాననలేదు, తిట్టనూ లేదు. బెంచీ మీద పక్కకు జరిగింది.

"అయితే ఈడ కూసో. పాలెట్ల పట్టాల్నో సూపీ."

కూర్చుని చూపించాను. అమ్మకు ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. ఏదీ వదిలేయవద్దు.

ఇట్లు,
నీ కూతురు
నిర్మలమ్మ